దలా సంఘానికి పునాది వేసిన పిడికెడు బియ్యం

శ్రీకాకుళం జిల్లాలో ఒక సహకార పరపతి సంఘంలో గుమాస్తాను నేను. బర్మాలో యాంగోన్ నగరంలో, పజుండౌంగ్ పేటలో ఉండే మా పిన్ని కూతురు ఒకరోజు ఫోన్ చేసి, నది అవతల దలాలో మన తెలుగువాళ్ళు పెట్టుకున్న పరపతి సంఘం ఒకటుందనీ, దాని చరిత్ర చెక్కించిన రాయిని వచ్చే ఆదివారం ఆవిష్కరిస్తున్నారనీ చెప్పింది. సెలవు పెట్టి విమానమెక్కాను. సంఘాల చరిత్ర ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో తెలిసినదాన్ని కాబట్టి కాస్త అనుమానంతోనే బయల్దేరాను.

ఆదివారం పొద్దున్న ఏడింటికి బస్సెక్కి పాన్సొడాన్ రేవులో దిగాను. ఫెర్రీకి విదేశీయుల టికెట్ ధర వేరు. నది దాటడానికి పది నిమిషాలు చాలు. దలా ఒడ్డున సైకా అనే పక్కసీటు రిక్షా దొరుకుతుంది, ఎక్కకముందే బేరం తేల్చుకోండి. నేనెక్కిన రిక్షా తొక్కే రాము మనవాడే. "సంగం కాడికేటక్కా? ఈయాల మగోళ్ళందరూ సొక్కాలు ఇస్త్రీ సేసేసినారు," అని నవ్వాడు.

సంఘం అంటే వెదురు గోడల హాలు. ముందు వరుసలో పెద్ద ఆడవాళ్ళ పేరు ముందు 'డా' చేర్చే బర్మా మర్యాదతో అందరూ డా అప్పలమ్మ అని పిలిచే పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కన చోటిచ్చి, అడగకుండానే చరిత్ర చెప్పింది.

"మగోళ్ళు సేక్కాన్ రేవులో ఓడల కాడ కూలికెల్లిపోయేవోరు. ఇత్తనాలకి షావుకారు కాడ అప్పు సేస్తే పొలమే పోయేది. మా అమ్మ సూరమ్మ, ఇంకొందరు ఆడోళ్ళు, అన్నానికి ఎసరెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కనెట్టీవోరు. ఆదివారం అందరియీ ఒక కుండలో పోసి, లేనోళ్ళకి అప్పిచ్చీవోరు. కోతలయ్యాక అప్పు తీరుస్తూ పైన ఒక పిడికెడు ఎయ్యాల. అదే వడ్డీ."

ఇప్పుడు డబ్బే ఇస్తున్నా ఆచారం మాత్రం మారలేదు. ఆడవాళ్ళు కుండలో పిడికెడు బియ్యం వేస్తేనే సమావేశం మొదలవుతుంది.

కార్యదర్శి ఊ అప్పారావు (మగవాళ్ళకు 'ఊ' అలాంటి మర్యాదే) రాయి మీద గుడ్డ తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకు సదువు రాదు తల్లీ. మా అమ్మ పేరెక్కడుందో సూపించు, సెయ్యెట్టి సూస్తాను."

పైనుంచి కిందికి చదివాను. 'సంఘ స్థాపకులు' అన్న మాట కింద ఉన్నవన్నీ మగ పేర్లే. ఒక్క ఆడ పేరు లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆమెకు ఏం చెప్పను? ఉన్నదే చెప్పాను. ఆ పేర్లు చదివించుకుని విని, ఆమె గట్టిగా నవ్వేసింది. "మొదటి పేరు ఎవులిదో తెల్సా? మొదటి అప్పు ఎగ్గొట్టినోడిది!"

నేను లేచి అప్పారావును నిలదీశాను. "ఆ ఆడోళ్ళ పేర్లు ఇప్పుడెవులికి గురుతున్నాయి మేడమ్?" అన్నాడాయన, తాపీగా. ఆ తల్లుల కూతుళ్ళు ఎదురుగా కూర్చునుండగా అన్నాడా మాట! సిగ్గుండాలి.

ఇక సమావేశం మొదలు కావాలి, కుండ ముందుకొచ్చింది. మొదటి పిడికిలి అప్పలమ్మది. ఆమె వెయ్యడానికి తీసిన బియ్యాన్ని మళ్ళీ కొంగులో ముడేసుకుని అప్పారావు వైపు తిరిగింది. "మొదలెట్టింది మీరేనని రాయి మీద ఉంది కదా బాబూ. ఈయాల కూడా మీరే మొదలెట్టండి."

కుండ వరుసంతా తిరిగింది. ఒక్క గింజ పడలేదు. చివర కూర్చున్నది అప్పారావు కన్నతల్లి. "మీ అమ్మమ్మ పేరు కూడా నీకు గురుతునేదేట్రా?" అందామె. ఆయన తల దించుకుని రాయి మీద గుడ్డ కప్పేశాడు.

తిరుగు ఫెర్రీలో కూడా నా కోపం చల్లారలేదు. ఆకలి కడుపులు మాడ్చుకుని పిడికెడు దాచినవాళ్ళను వదిలేసి, ఆ బియ్యం తిన్నవాళ్ళను స్థాపకులంటారా? ఇది మరుపు కాదు, దొంగతనం. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: రేవులో పాస్‌పోర్టు చూపాలి, మరిచిపోకండి. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, అప్పుడే ఆడవాళ్ళు హాల్లో ఉంటారు. వాళ్ళను సంఘం గురించి అడగకండి. "మీ అమ్మ పేరేంటి?" అని అడగండి.