నిన్నటిదాకా లేని ప్రమాదం

కత్తెరమ్మకు కోపమే రాదని వీధిలో పేరు. పొట్టిగా కత్తిరించమని తామే అడిగి, తీరా అద్దంలో చూసుకుని లబోదిబోమనేవాళ్లను కూడా నవ్వుతూనే సాగనంపేది. అలాంటి మనిషి నలుగురిలో కుర్చీ వెనక్కి నెట్టి లేచిందంటే, దానికి కారణం ఆమె భుజానికి అంటించిన బొత్తాం అంత చిప్పు.

చిన్నప్పటి నుంచీ ఆమెకు చక్కెర జబ్బు. సూది మందు లేనిదే పూట గడవదు. ఆ మందు కాస్త ఎక్కువైతే రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది. అలా పడేముందు మనిషికి చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. ఆమె ఒళ్లు మాత్రం రానురాను ఆ హెచ్చరికలు ఇవ్వడం మానేసింది. ఒకసారి ఒక పెద్దాయన మెడ గీస్తూ గీస్తూ, కత్తి గాల్లో పట్టుకుని కొయ్యబారిపోయింది. ఆయన అద్దంలో చూసి పెట్టిన గావుకేక వీధి చివరిదాకా వినిపించింది.

అందుకే కొత్త పరికరాన్ని పరీక్షించడానికి మనుషులు కావాలని తెలియగానే తానే వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చిప్పు చూపించి చెప్పింది: "ఇందులో వెంట్రుక కన్నా సన్నటి కాలవలున్నాయి. చర్మం కింద ఊరే నీరు వాటిలోకి పాకుతుంది. ఆ నీటిలోని చక్కెరను బట్టి రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి అంకె ఫోన్‌లో కనిపిస్తుంది. తగ్గుతుంటే కూస్తుంది."

"ఇంట్లో నా నోరు చాలదనా, దీని కూత కూడా?" అంది వెంట వచ్చిన అత్త.

మొదట్లో ఆ చిప్పు చెప్పినవన్నీ అబద్ధాలే. అది చెప్పిన అంకె నిజమో కాదో చూడ్డానికి పొద్దస్తమానం వేళ్లు గుచ్చుకుని రక్తం పరీక్షించుకోవాలి. కత్తెర పట్టే వేళ్లు జల్లెడలయ్యాయి. జిగురు పడక భుజం పుండయితే, పరిశోధనవాళ్లు ఆ పుండుకు ఫొటోలు తీసుకుని వెళ్లి జిగురు మార్చారు. ఆమె బాధపడ్డకొద్దీ అది బాగుపడింది. చివరికి నిజం పలకడం నేర్చుకుంది. అది కూయగానే "నీ భుజం పిలుస్తోందమ్మా" అనేవారు కుర్చీలోని వాళ్లు. ఆమె నోట్లో ఇంత తీపి వేసుకుని, కాసేపు కూర్చుని మళ్లీ పని అందుకునేది. అత్త కూడా కంటినిండా నిద్రపోవడం మొదలుపెట్టింది.

పరిశోధన విజయవంతమైందని సభ పెట్టారు. పాల్గొన్నవాళ్లందరికీ సంస్థ బొమ్మ ఉన్న కప్పులు పంచారు. పెద్ద డాక్టరు మైకు పట్టుకుని, "మీ మేలు మరవలేం" అన్నాడు. ఆ నోటితోనే, "వెళ్లేటప్పుడు పరికరాలు ఇచ్చి వెళ్లండి" అన్నాడు.

కత్తెరమ్మ అప్పుడే లేచింది. "ఇచ్చేస్తే మేమెలా బతకాలండీ?"

"అమ్మకానికి అనుమతి వచ్చేదాకా ఆగాలమ్మా. అనుమతి లేని పరికరం మీ దగ్గరుంటే ప్రమాదం."

"నిన్నటిదాకా లేని ప్రమాదం ఇవాళెలా వచ్చింది? నా వేళ్లు గుచ్చినప్పుడు ప్రమాదం కాదా? నా భుజం కుళ్లినప్పుడు కాదా?"

పక్కనున్న అత్త కోడలికిచ్చిన కప్పు తీసుకెళ్లి బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండి నాయనా. దీనికి కూయడం రాదు."

కత్తెరమ్మ చిప్పు ఇవ్వకుండానే ఇంటికొచ్చింది. మర్నాడు ఫోన్‌లో అంకె మాయమైంది. వాళ్లు ఆఫీసులో కూర్చునే దాన్ని ఆపేశారు. ఆ వారంలోనే, ఒక పంతులమ్మకు జుట్టు సగం కత్తిరించి కింద పడిపోయింది. స్పృహ వచ్చేసరికి పెదాల మీద చక్కెర నీళ్లు, తల కింద పంతులమ్మ ఒడి. సగం జుట్టుతోనే ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"చచ్చిపోయాననుకున్నారా?" అని నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

కొట్టుకు తాళం వేసి, సభలో పక్క కుర్చీలో కూర్చున్న క్రేను డ్రైవరును వెతికి పట్టుకుంది. అతనిదీ అదే జబ్బు. చిప్పు ఆపేశారని పైఅధికారికి నిజం చెప్పినందుకు అతణ్ని క్రేను దింపేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఇద్దరూ మిగతావాళ్లను కూడగట్టుకుని, పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీ ముందుకెళ్లారు. "వీళ్ల ఒంటి మీద నేర్చుకున్నాం. వీళ్లని గాలికొదిలేయడం తప్పు" అని డాక్టరమ్మ తన పెద్ద డాక్టరు ఎదుటే చెప్పింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

చిప్పు బజారులోకి వచ్చేదాకా పాల్గొన్నవాళ్లకు ఇస్తూనే ఉండాలని కమిటీ తేల్చింది. కత్తెరమ్మ మళ్లీ కొట్టు తెరిచింది. పంతులమ్మే మొదట వచ్చి, మిగిలిన సగం కత్తిరించుకుని వెళ్లింది.

క్రేను డ్రైవరుకు కూడా చిప్పు తిరిగొచ్చింది. క్రేను రాలేదు. అందులో వేరే మనిషిని పెట్టేశారు.

క్షవరానికి వచ్చినప్పుడు అతను, "పోనీలే అక్కా, ప్రాణం దక్కింది" అన్నాడు.

"పోనీలే ఏంటి తమ్ముడూ?" కత్తెరమ్మ కత్తెర కింద పెట్టింది. "ఎల్లుండి మీ ఆఫీసుకు నేనూ వస్తా. మా అత్తనీ తెస్తా."