వదిన కారుకి సింథటిక్ ఆయిల్

ఇంజన్ ఆయిల్ గురించి మేస్త్రీకి ఉన్న జ్ఞానమంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండేది. గేజు పుల్ల బయటికి లాగి, కొసనున్న చుక్కని రెండు వేళ్లతో నలిపి, "ఇంకో నెల తిరగొచ్చు" అనేవాడు. ముప్ఫై ఏళ్లుగా అలాగే చెబుతున్నాడు, పెద్దగా తప్పిందీ లేదు. మూడు బళ్లు పట్టే రేకుల మెకానిక్ షెడ్డు ఆయనది. గోడ మీద ఏ స్పానరు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. పెళ్లిరోజు ఎప్పుడో మాత్రం ఏటా భార్యే గుర్తు చెయ్యాలి.

సింథటిక్ ఆయిల్ అంటే ఆయనకు పడదు. పాత ఇంజన్లో పోస్తే సందులు వెతుక్కుని మరీ కారిపోతుందని ఆయన నమ్మకం. కళ్లతో చూసింది లేదు, ఎవరో చెప్పగా విన్నదే. కానీ ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

భార్యకి ఒక అక్క ఉంది. మేస్త్రీకి వదిన. డ్రైవింగ్ నేర్పుతుంది. ఆవిడ కారుకి పంతొమ్మిదేళ్లు. పక్క సీటు దగ్గర రెండో బ్రేకు బిగించింది మేస్త్రీయే. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆ ఇంజను పైభాగంలో టకటకమని కొట్టుకునేది. నేర్చుకోవడానికొచ్చినవాళ్లు తామే ఏదో విరగ్గొట్టామనుకుని బిక్కమొహం వేసేవాళ్లు. వాళ్లలో ఒకాయన ఫ్యాక్టరీలో యంత్రాలు చూసేవాడు. చల్లగా ఉన్నప్పుడు మామూలు ఆయిల్ చిక్కబడి పైకి ఆలస్యంగా చేరుతుందనీ, సింథటిక్ అయితే తొందరగా ఎక్కుతుందనీ ఆవిడకి చెప్పాడు.

వదిన అడిగితే మేస్త్రీ రెండుసార్లు మాట దాటేశాడు. మూడోసారి ఆవిడ డబ్బా చేత్తో పట్టుకునే వచ్చింది.

"రేపు కారితే నన్ననొద్దు, వదినా."

"అననులే. పోసెయ్, మరిదీ."

ఇష్టం లేని పని కూడా శుభ్రంగా చేసే మనిషి. ఇంజన్ కాస్త వేడెక్కనిచ్చి, కింద బోల్టు విప్పి, పాత ఆయిల్ చివరి చుక్క దాకా దిగనిచ్చాడు. ఫిల్టర్ మార్చాడు. కొత్తది పోసి గేజు చూశాడు. వేళ్లతో మాత్రం నలిపి చూడలేదు.

మర్నాటి నుంచే టకటక బాగా తగ్గింది. వదిన ఫోన్ చేసి చెప్పింది. "చూద్దాం" అన్నాడు.

రెండు వారాలకి ఒక పొద్దున ఆవిడ కారుతో పాటు ఒక పాత పేపరు మడిచి తెచ్చింది. రాత్రంతా కారు కింద పరిచిందట. దాని మీద అర్ధరూపాయంత మరకలు ఏడు. మేస్త్రీ మొహంలో వెలుగు దాచుకోలేకపోయాడు. "దిక్కుమాలిన ఆయిల్" అని ఆవిడ ముందే తిట్టాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు ఆ పేపరు ఇంటికి తీసుకెళ్లి భార్యకి చూపించాడు.

"నేను ముందే చెప్పానా లేదా?"

"అది మా అక్క కారు. మీ పందెం కోడి కాదు. వెళ్లి బాగుచెయ్యండి" అందామె.

భోజనం అయ్యాక షెడ్డుకొచ్చి కారు పైకెత్తి కిందకి దూరాడు. గుడ్డతో అంతా తుడిచి, ఇంజన్ ఆన్‌లో ఉంచి చూశాడు. చుక్క వెనకవైపు మూల నుంచి వస్తోంది, ఆయిల్ నిలవుండే చాంబరు ఇంజనుకి అతుక్కునే చోట. శుభ్రమైన పళ్లెంలోకి ఆయిల్ దింపుకుని చాంబరు విప్పాడు. ఆయిల్ కారకుండా మధ్యలో ఉండే ప్యాకింగ్ ఆ మూల దగ్గర చిరిగి ఉంది. చిరుగు మీద ఎండిపోయిన పేస్టు, దాని మీద వేలితో అదిమిన గుర్తు.

అది తన పనే. ఆరేళ్ల కిందట ఈ చాంబరు విప్పినప్పుడు ప్యాకింగ్ చిరిగింది. కొత్తది దొరకలేదు. మర్నాడు ముగ్గురికి లైసెన్సు పరీక్ష ఉందని వదిన తొందరపెట్టింది. చిరిగినదే పెట్టి, పేస్టు రాసి, తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాడు. ఇన్నాళ్లూ మడ్డి పేరుకుని ఆ సందు మూసింది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేసింది.

షెడ్డులో ఇంకెవరూ లేరు. ప్యాకింగ్ ముక్కని చెత్త డబ్బాలో వేశాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్లీ వెళ్లి తీసి బల్ల మీద పెట్టాడు.

వదిన నాలుగింటికి వచ్చింది.

"తప్పు ఆయిల్‌ది కాదు, వదినా. చిరిగిన ప్యాకింగ్‌నే పెట్టాను ఆరేళ్ల కిందట. మీకు చెప్పలేదు."

ఆవిడ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఆరేళ్లు నేర్చుకునేవాళ్లని దీంట్లోనే తిప్పాను."

"ఆయిల్ ఎప్పుడూ తగ్గలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"చూసేది నువ్వే, చెప్పేదీ నువ్వే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పొద్దున నా ఆయిల్‌ని తిట్టావు కదా?"

"తిట్టాను."

ఆవిడ ఆ ముక్కని బల్ల మీద పెట్టేసింది. ఆ సాయంత్రం నడిచే ఇంటికి వెళ్లింది. నెల రోజులు చెల్లెలితో మాట్లాడింది గానీ మరిదితో మాట్లాడలేదు. కొత్త ప్యాకింగ్ వేశాక మళ్లీ చుక్క పడలేదు. ఏ చిన్న రిపేరు వచ్చినా కారు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేది. ఆవిడ బదులు పక్కింటాయన తెచ్చి వదిలేవాడు. ఐదో వారం ఆవిడే వచ్చి, ఇంజన్ ఆపకుండానే, "బ్రేకు కాస్త బిగుసుకుంది, చూడు" అంది. చూశాడు.

ఆయిల్ మార్చమని ఎవరైనా పాత బండి తెస్తే మేస్త్రీ ఇప్పుడు వద్దనడు. ముందు కింద దూరి ప్యాకింగులు చూస్తాడు. పేస్టుతో సరిపెట్టిన బళ్లు ఇంకో రెండు గుర్తొస్తే వాటి ఓనర్లకీ ఫోన్ చేశాడు. ఒకాయన కారు ఎప్పుడో అమ్మేశాడు. రెండో ఆయన వచ్చి, "బండి బాగానే ఉంది కదా, ఎందుకు రమ్మన్నావు?" అన్నాడు. మేస్త్రీ కుర్చీ దులిపి వేశాడు. ఆయన కూర్చున్నాక మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.