బనీను మీద ఎర్రదారం

హఫీజ్‌పేట రైల్వే క్వార్టర్లలో కీమ్యాన్ వీరేశాన్ని అనుమానించే మనిషి ఒక్కతే. అతని భార్య బాలమణి.

ఆమె ఏరికోరి రైల్వే మనిషిని చేసుకుంది. సొంత అన్న సైన్యంలో చేరి జాఫ్నాలో పోయాడు. అందుకే పెళ్లిచూపుల్లోనే “పటాలంల జేసేటోళ్లు నాకొద్దు” అని మొహమాటం లేకుండా చెప్పేసింది. వీరేశం ఉద్యోగం పట్టాల వెంట నడిచి, వదులైన కీలను సుత్తితో బిగించడం. కొండాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నా అతని చూపు పట్టాల మీదే. ఇంతకన్నా నికార్సయిన మొగుడెవరు?

కానీ ఏటా ఒక నెల పెట్టె సర్దుకుని మాయమయ్యేవాడు. అడిగితే కాజీపేట అవతల లైను పని అనేవాడు. నల్లబడి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని తిరిగొచ్చేవాడు. వచ్చినప్పటి నుంచి దుప్పటిని అంచుకు అంచు కలిపి ఇటుకలా మడతపెట్టేవాడు. ఊడిన గుండీ తానే కుట్టుకునేవాడు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషికి ఈ బుద్ధులు ఎవత్తె నేర్పింది? బాలమణి జేబులు వెతికింది, చొక్కాలు వాసన చూసింది. కాజీపేట నుంచి వచ్చిన గ్యాంగ్‌మ్యాన్లను ఆరా తీస్తే, అక్కడ వీరేశాన్ని చూసినవాడే లేడు.

తొంభైతొమ్మిది జూన్‌లో, టీవీల నిండా కార్గిల్ వార్తలున్న రోజుల్లో, అతను మళ్లీ పెట్టె తీశాడు.

“ఏందయ్యా, మొన్ననే పోయొచ్చినవ్ గద. మల్ల పిలిచిందా?”

“ఎవలు పిలుస్తరే? లైను పని. ఫికర్ చెయ్యకు, జల్ది వస్త.” ఆ మాట నేల చూస్తూ అన్నాడు.

ఆమెకు అది చాలు. అతను స్నానానికి వెళ్లగానే పెట్టెలోంచి బనీను తీసి, మెడ లోపలివైపు ఎర్రదారంతో వంకరటింకరగా తన పేరు కుట్టింది. ఆ మాయలాడి ఉతికేటప్పుడు చూడాలి. ఈయనకు పెళ్లాం ఉందని తెలిసి చావాలి. అతను బయల్దేరుతుంటే గుమ్మం దాకా కూడా రాలేదు.

జూలైలో జెండా కప్పిన పెట్టెతో సైనికులు వచ్చారు.

“ఇల్లు తప్పొచ్చిన్రు. నా మొగడు రైల్వేల జేస్తడు,” అంది బాలమణి.

వాళ్లలో శ్రీనివాసులు అనే అతను ముందుకొచ్చాడు. “నేనూ రైల్వేనేనమ్మా. మాలో ఇష్టమున్నవాళ్లు ఏటా నెల రోజులు సైన్యంలో శిక్షణ తీసుకుంటారు. యుద్ధమొస్తే పిలుస్తారు. సరిహద్దు దగ్గర బండిలోంచి సామాను దించుతుంటే ఫిరంగి గుండు పడిందమ్మా. మీ అన్నగారి సంగతి గుర్తొస్తుందని వీరేశం మీకు చెప్పలేదు.”

మిగతావాళ్లు జెండా తీసి మడతపెట్టారు. అంచుకు అంచు. ఆ మడత ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ లేని ఆడదాన్ని తిట్టుకున్నానని ఆమెకు అప్పుడు అర్థమైంది.

శ్రీనివాసులు ఆమె చేతిలో బనీను పెట్టాడు. “ఇది వదిలేవాడు కాదమ్మా. రాత్రి ఉతికి పొద్దున్నే వేసుకునేవాడు. ‘అలిగి గుమ్మం దాకా రాలేదు గానీ, పేరు కుట్టి పంపింది చూడు’ అని అందరికీ చూపించేవాడు.”

బాలమణి ఎర్రదారం మీద వేలు పెట్టింది.

“అందుకు గాదు సారూ,” అంది. “అందుకు కుట్టలే.”