ముప్పై నాలుగు మార్కుల పలక

‘ముప్పై నాలుగు’ మాస్టారికి కంటబడ్డ ప్రతిదానికీ మార్కులు వేయనిదే తిన్నది అరగదు. లెక్కల మాస్టారిగా రిటైరై ఆరేళ్ళయినా జేబులో ఎర్ర పెన్ను మాత్రం రిటైరు కాలేదు. పాసు మార్కు ముప్పై అయిదు. ఆయన వేసేది ముప్పై నాలుగు. కొత్త ఫ్యానుకు ముప్పై నాలుగు, పళ్ళ డాక్టరుకు ముప్పై నాలుగు, నలభై ఏళ్ళుగా భార్య వండిపెడుతున్న కూరకు పూటకో ముప్పై నాలుగు. జుట్టు కత్తిరించే అతను ఓసారి ఉండబట్టలేక అడిగేశాడు.

“ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయింది మాస్టారూ?”

“ఎడమ చెవి వెనక.”

అతను వంగి చూశాడు. నిజమే, నాలుగు వెంట్రుకలు మిగిలిపోయాయి.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలికి ఈ మార్కుల గోల నవ్వు తెప్పించేది. ఈ ఏడాది మాత్రం ఒళ్ళు మండించింది. ఆమె నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ప్రమోషను పరీక్ష మూడుసార్లే రాయనిస్తారు. రెండుసార్లు తప్పింది. మూడోది ఆరు వారాల్లో ఉంది. ఇదీ పోతే రిటైరయ్యే దాకా అదే కుర్చీ, అదే కిటికీ, అదే కుళాయి ఫిర్యాదులు. చదువుకుందామంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్ల. దాని మీద మామగారి కంప్యూటరు కొలువుదీరి ఉంది. మాస్టారు మీట నొక్కి స్నానం చేసి వచ్చేసరికి, అది ఒళ్ళు విరుచుకుని లేచేది. కోడలు మంచం మీద కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద నాలుగు వందల పేజీల నిబంధనల పుస్తకం తెరిచేది. పావుగంటలో దిండు గెలిచేది.

అందుకే ఆలోచించి ఒక టాబ్లెట్ కొనుక్కొచ్చింది.

“అంత పెద్ద పెట్టె ఇంకెందుకు మామయ్యగారూ? పేపరు, ఫొటోలు, ఊళ్ళో మీ చెల్లెలుగారితో మాటలు, అన్నీ ఇందులోనే. బల్ల కూడా ఖాళీ అవుతుంది,” అంది, చివరి మాట కాస్త మెల్లగా.

మాస్టారు ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూశారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

“పరీక్ష పెడదాం.”

మొదటి వారం టాబ్లెట్ దున్నేసింది. పేపరు చదవడంలో ఫస్టు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కాబట్టి కళ్ళజోడు వెతుక్కునే పని తప్పింది. మేడ మీదికి తీసుకెళ్ళడంలో కంప్యూటరుకు గుండు సున్నా వచ్చింది. వీడియోలో చెల్లెలితో మాట్లాడటం కూడా అయింది. కాకపోతే ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని మాట్లాడారు.

“అన్నయ్యా, అరగంట నుంచీ నీ ముక్కు రంధ్రాలే చూస్తున్నాను,” అందావిడ.

“ఆరోగ్యంగా ఉన్నాయా?” అన్నారు మాస్టారు.

కోడలు మనసులో బల్ల తుడిచేసుకుంది, కుర్చీ కూడా వేసేసుకుంది. రెండో వారంలో టైపింగు పరీక్ష వచ్చింది.

“ఈ కీబోర్డు పైకి లేచి సగం కాగితం మింగేస్తోందమ్మా. మిగతా సగాన్ని నా వేలు కప్పేస్తోంది.”

“విడిగా కీబోర్డు కొందాం మామయ్యగారూ.”

“దాన్ని నిలబెట్టడానికి?”

“స్టాండు.”

“గడుల్లో గీతలు కుదరట్లేదు. మౌసు?”

“మౌసూ కొందాం.”

“మన ప్రింటరుకు ఆ పాత వైరు తప్ప ఇంకేదీ నచ్చదు. సరే, ఇన్నీ తెచ్చి ఎక్కడ పెడతాం?”

కోడలు బల్ల వైపు చూసింది. బల్ల మీదే పెట్టాలి.

“ముప్పై నాలుగు,” అన్నారు మాస్టారు.

అసలు మంట అది కాదు. రిటైరైన మనిషికి గడులెందుకు, గీతలెందుకు? పైగా ఈమధ్య ఆమె ఆఫీసు నుంచి వచ్చి గదిలో అడుగుపెడితే చాలు, ఆయన భుజం మీది తువ్వాలు తీసి కంప్యూటరు మొహం మీద కప్పేస్తున్నారు.

“మీ నాన్నగారు పేకాట ఆడుతున్నారు,” అంది భర్తతో.

“నాన్నా? ఆడితే జోకరుకు కూడా మార్కులేస్తారు,” అని అతను దుప్పటి ముసుగేసుకున్నాడు.

ఇంకోటి, మంచం పక్కన పెట్టిన నిబంధనల పుస్తకం రోజూ ఎక్కడికో నడిచి వస్తోంది. పేజీల మధ్య పాత బస్సు టికెట్లు దొరుకుతున్నాయి. అత్తగారు ఇల్లు సర్దేటప్పుడు కదిలిస్తున్నారనుకుంది. అడిగితే ఆవిడ, “నాకెందుకమ్మా మీ కుళాయిల గొడవ,” అన్నారు.

పరీక్షకు మూడు వారాలుందనగా కోడలి సహనం చచ్చిపోయింది. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. తువ్వాలు ఎప్పటిలాగే తెర మీద పడింది.

“మామయ్యగారూ, నాకు ఈ బల్ల కావాలి.”

“ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టమ్మా. పరీక్ష ఇంకా పూర్తవలేదు.”

“పరీక్ష నాది మామయ్యగారూ, టాబ్లెట్‌ది కాదు,” అంది. ఆ మాట అననా వద్దా అని వారం నుంచీ మింగుతోంది పాపం. మాస్టారు తువ్వాలు సర్దుకుంటూ తల వంచుకున్నారు. ఆ పూట కూరకు మార్కులు కూడా వేయలేదు. అత్తగారు కంగారుపడి ఆయన నుదురు పట్టి చూశారు.

ఐదోరోజు సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. తడిగుడ్డతో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. కంప్యూటరు తువ్వాలు కప్పుకుని బీరువా పైకెక్కింది. బల్ల మధ్యలో కాగితాల దొంతర, దాని మీద బరువుకు నిబంధనల పుస్తకం. పై కాగితం చూసింది. ‘మోడల్ ప్రశ్నపత్రం ఒకటి. సమయం మూడు గంటలు.’ కింద నీటి మీటర్ల పట్టికలు, గడులు, తప్పొప్పులు. మొత్తం పన్నెండు ప్రశ్నపత్రాలు. నాలుగు వందల పేజీల్లో ఒక్క నిబంధన కూడా వదిలిపెట్టలేదు.

ఆ పుస్తకం రోజూ ఎక్కడికి నడిచి వెళ్తోందో ఇప్పుడు తెలిసింది. తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

“ఇవన్నీ మీరే...”

“ఏడుపు తరవాత. కూర్చో.” మాస్టారు టాబ్లెట్‌ను చక్కెర డబ్బాకు ఆనించి గడియారం పెట్టారు. “దీనికి ఇది బాగా చేతనవును. మొదలుపెట్టు.”

మూడు గంటల తర్వాత ఎర్ర పెన్ను కదిలింది. ముప్పై నాలుగు. మర్నాడు రెండో పేపరు, ముప్పై నాలుగు. పన్నెండు పేపర్లూ రాసింది, పన్నెండుసార్లూ ముప్పై నాలుగే. పన్నెండో పేపరులో ఆ ఒక్క మార్కు ఆమె చేతిరాతకు పోయింది.

అసలు పరీక్షలో డెబ్భై ఎనిమిది వచ్చాయి. ఆ సాయంత్రం మార్కుల కాగితం మామగారి కంచం పక్కన పెట్టింది. ఆయన దాన్ని రెండువైపులా చూశారు.

“వీళ్ళెవరో చెయ్యి వదులు చేసి దిద్దారు.”

“ఒక్కసారి ముప్పై అయిదు వేస్తే ఏం పోయేది మామయ్యగారూ?”

“ముప్పై అయిదంటే నీతో పని అయిపోయింది, ఇంక వెళ్ళు అని. నీతో నా పని అవలేదు కదమ్మా. ముప్పై నాలుగైతే రేపు మళ్ళీ కూర్చుంటాం.”

వడ్డిస్తున్న అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఆవిడ నలభై ఏళ్ళూ ఒక్కసారిగా వెనక్కి చూసుకున్నట్టుంది.

“అయితే నా కూర?”

మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. కంచం కొంచెం ముందుకు జరిపారు.

“రేపు కూడా తినాలిగా,” అన్నారు.

ఆవిడ ఇంకో గరిటె వడ్డించారు.