బురద అంటని చెప్పులు

మా ఊళ్లో నా మాటకి ఒక లెక్కుంది. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగం నమ్మకూడదని. మా రొయ్యల చెరువులో ఒక రొయ్య నా గొడుగు లాక్కుపోయిందనీ, మూడోరోజు వాన పడితే అదే గొడుగు వేసుకుని గట్టెక్కిందనీ నేను చెబుతుంటే, కాట్రేనికోనలో ఒకాయన ఎంతో మర్యాదగా "గొడుగు ఏ రంగండి?" అని అడిగాడు. ఆ గొడుగు సంగతి వేరు. ఇది కోత కాదు.

కరోనా రెండో ఏడాది వానాకాలం. యూనివర్సిటీ హాస్టల్ మూసేయడంతో మా అక్క కూతురు ఇంటికొచ్చి అప్పటికి ఏడాది దాటింది. అక్కావాళ్లదీ మాదీ ఒకటే పెరడు. వచ్చిన కొత్తలో పిల్ల గదిలోంచి ఫోన్లో నవ్వులు వినిపించేవి. తర్వాత క్లాసుల గొంతులు మాత్రమే వినిపించేవి. ఆ తర్వాత అవీ వినిపించలేదు. అన్నానికి పిలిస్తే వచ్చేది, నాలుగు మెతుకులు కెలికి వెళ్లిపోయేది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అంటే "బానే ఉంది మావయ్యా" అనేది. ఆ మాట ఒక్క తీరులోనే, ఒక్క శ్రుతిలోనే వచ్చేది. అబద్ధాల్లో నాకు నలభై ఏళ్ల అనుభవం. బాగున్నవాళ్లు బాగున్నామన్న మాటని అంత జాగ్రత్తగా పలకరు.

అంతలో వాళ్ల యూనివర్సిటీ ఆటల మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. గదుల్లో మగ్గిపోయి పిల్లలు దిగులు పడిపోతున్నారని, అందరూ రోజూ నడవాలని, ఎన్ని అడుగులు నడిచారో ఫోన్లో పడ్డ లెక్కని సాయంత్రానికి గ్రూపులో పెట్టాలని. పెట్టనివాళ్లకి ఆయనే ఫోన్ చేసి కనుక్కుంటారు.

మొదటిరోజే మా పిల్ల ఆరువేలు పెట్టింది. వారం తిరిగేసరికి తొమ్మిదివేలు. అక్క మొహం తేటపడింది. "చూసేవా, నడుస్తోందిరా" అంది నాతో. నేనైతే మా మేనకోడలు పొద్దున్నే అమలాపురం దాకా నడిచెళ్లి, ఎండెక్కేలోపు తిరిగొచ్చేస్తోందని ఊరంతా చెప్పాను. నేను కోస్తున్న కోతకి పెట్టుబడి పిల్ల కోసిన కోతేనని అప్పుడు నాకు తెలీదు.

వానలు ముదిరాయి. మాది రేగడి నేల. నాలుగడుగులు వేస్తే ఒక్కో కాలికీ శేరు బురద. ఒకరోజు అక్కావాళ్ల గుమ్మం ముందు నిలబడి, మాస్కు సర్దుకుంటూ కిందికి చూశాను. అక్క చెప్పులు బురద ముద్దలు. పాలాయన చెప్పులు బురద ముద్దలు. పిల్లవి మాత్రం శుభ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. ఎడమదాని పట్టీకి, గోడకి మధ్య సాలీడు గూడు కట్టింది.

చెరువుల దగ్గర మాకొక పద్ధతి ఉంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో పైకి కనపడదు. అందుకని వలతో చేసిన చిన్న ట్రేలో కాస్త మేత వేసి నీళ్లలోకి దింపుతాం. రెండు గంటలకి పైకి లాగి, ఎంత మిగిలిందో చూస్తాం. ట్రే ఖాళీ అయితే సంతోషిస్తాం. కానీ రోజూ ట్రే ఖాళీ అవుతూ, రొయ్య మాత్రం బరువు పెరక్కపోతే అప్పుడు గుండె జారుతుంది. ఆ మేత పీతలు తింటున్నాయన్నమాట. చెరువులో అంత తెలివున్నవాణ్ణి, ఇంట్లో నెలరోజులుగా ఖాళీ ట్రే చూసి చంకలు గుద్దుకున్నాను.

ఆ మధ్యాహ్నం వాళ్ల వెనక వసారాలో ఉయ్యాలబల్ల గొలుసుల చప్పుడు వినిపిస్తే కిటికీలోంచి చూశాను. ఉయ్యాల మీద మనిషి లేదు. ఫోను ఉంది, చున్నీతో బల్లకి కట్టి. పిల్ల పక్కన చాప మీద గోడవైపు తిరిగి పడుకుని, కాలితో ఉయ్యాలని తోస్తోంది. కిర్రు, కిర్రు. కిర్రుకో అడుగు ఫోను లెక్కలో పడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నేను పిలవలేదు. వెనక్కి వచ్చేశాను. మా ఊరి చుట్టూ ఎటు చూసినా కాలవలు, చెరువులు, నీళ్లు. అవన్నీ ఎంత లోతో ఆ పూట మొదటిసారి లెక్కేసుకున్నాను.

అక్కతో చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ తలెత్తలేదు.

"ఉయ్యాల నడుస్తోందా?"

"నిజంగానే అక్కా. నా కళ్లతో చూసేను."

"గొడుగేసుకున్న రొయ్యని కూడా నీ కళ్లతోనే చూసేవు గదా. ఒరేయ్, పిల్ల కాస్త కోలుకుంటోంది. దాని మీద కూడా కోతలు మొదలెట్టకు."

నలభై ఏళ్ల కోతలకీ ఆ ఒక్క మాటతో శిక్ష పడింది. ఒట్టు వేశాను, నా ఒట్టుకీ విలువ లేదు. ఇక మిగిలింది నేనొక్కణ్ణే.

మర్నాడు పొద్దున్న వసారాలోకి వెళ్లి చాప పక్కన కూర్చున్నాను. ఉయ్యాల ఊగుతూనే ఉంది.

"ఎన్నైనాయి అమ్మడూ?"

"మూడువేలు మావయ్యా."

"పోనీలే, ఉయ్యాలకి కాళ్లు నెప్పెట్టవు."

కాలు ఆగింది.

"అమ్మకి చెప్పేరా?"

"చెప్పేను. నమ్మలేదు."

నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. గోడతో చెబుతున్నట్టే చెప్పింది. "నిద్ర పట్టట్లేదు. క్లాసు మొదలైతే చేతులు వణుకుతున్నాయి. కెమెరా ఆపేసి ఇక్కడికొచ్చి పడుకుంటున్నాను. సున్నా పెడితే సార్ ఫోన్ చేస్తారు, ఏమైందమ్మా అంటారు. ఏమైందో నాకే తెలీదు మావయ్యా. ఏం చెప్పను?"

దేనికైనా నా దగ్గర కథ ఉంటుంది. ఆ పూట కథ జోలికి పోకుండా అడిగాను.

"చెరువు దాకా వస్తావా? ట్రేలు చూడాలి."

"తోడెందుకు, మీకు మోకాళ్లు నెప్పులా?"

"మోకాళ్లు బానే ఉన్నాయి. నాకు భయంగా ఉంది. నిన్నిక్కడ వదిలేసి వెళ్లలేను."

నా మొహం వంక పరీక్షగా చూసింది. లేచి, చున్నీ ముడి విప్పి ఫోను తీసుకుంది. సాలీడు గూడు దులిపి చెప్పులు వేసుకుంది.

చెరువు మా పెరడు దాటగానే. అయినా రెండో ట్రే దగ్గరికి వచ్చేసరికే రొప్పుతూ గట్టు మీద కూలబడింది. "గుండె దడదడలాడుతోంది" అంది, మొహం పాలిపోయి. ఏదో ఒకటి చెయ్యాలి గదా అని ట్రే పైకి లాగాను. మేత సగం మిగిలిపోయి ఉంది.

"తినకపోతే ఏం చేస్తారు?" అని అడిగింది కాసేపటికి.

"మేత తగ్గిస్తాం. నీళ్లు ఎలా ఉన్నాయో చూస్తాం. తిట్టడమైతే లేదు."

ఫోను తీసి చూసుకుంది. మూడువేల నాలుగువందల పన్నెండు. ఉయ్యాలవి తీసేస్తే తనవి నాలుగువందల పన్నెండు.

"ఇది పెడితే ఖాయంగా ఫోన్ చేస్తారు."

"చెయ్యనీ."

వేలు చాలాసేపు ఆ లెక్క మీదే ఆగింది. చివరికి తనవి మాత్రమే గ్రూపులో పెట్టింది. నేను ట్రే మళ్లీ నీళ్లలోకి దింపేలోపే ఫోను మోగింది. అది మోగుతున్నంతసేపూ నేను చెరువు వంకే చూస్తూ నిలబడ్డాను. చేతిలో ట్రేలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆయ్ సార్. లేదండి, ఇన్నాళ్లవీ నేను నడిచినవి కావండి. ఇవాళ్టివే నావి." తర్వాత, "బాగోలేదండి," అంది.

ఆ మాస్టారే అక్కకి చెప్పి, ఒక డాక్టరమ్మగారితో మాట్లాడించారు. మొదట్లో ఫోన్లోనే, తర్వాత అమలాపురంలో ఇంకొకరి దగ్గరికి నేనూ అక్కా తీసుకెళ్లాం. అంతటితో అంతా సర్దుకుందని రాస్తే అది మళ్లీ కోతే అవుతుంది. రెండువేలు నడిచిన రోజులున్నాయి, గుమ్మం దాటని రోజులున్నాయి. ఇప్పుడు మళ్లీ హాస్టల్లో ఉండి క్లాసులకి వెళ్తోంది, సెలవలకి వస్తుంది. వచ్చినప్పుడల్లా వాళ్ల గుమ్మం ముందు నా చూపు ముందు చెప్పుల మీదకే పోతుంది. బురద కనపడిందా, పిల్ల నడుస్తోందని నమ్మి అప్పుడు లోపలికి వెళ్లి పలకరిస్తాను.