యంత్రభాగాల స్పానిష్

నేను స్పానిష్ మొదలుపెట్టింది మనుషులతో మాట్లాడడానికి కాదు. డిప్లొమా పూర్తయ్యాక నేను బెజవాడలో ఒక వర్క్‌షాపులో యంత్రాల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. మేము చెరకు మిల్లులకు రోలర్లు పోతపోసేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది మా యజమాని మూతపడిన ఒక ఫ్యాక్టరీ సామాను వేలంలో కొన్నారు. ఇనుముతో పాటు ఒక పెట్టెడు పుస్తకాలు వచ్చాయి. అవి క్యూబా దేశపు చక్కెర యంత్రాలవి. వాటిలోని బొమ్మల్లో గీతల మందం, కొలతల బాణాలు, యంత్రాన్ని కోసి లోపల చూపించే అడ్డుకోతలు అన్నీ ఎలా ఉండాలో అలా ఉన్నాయి. బొమ్మల కింద స్పానిష్ మాటలే ఎవరికీ అర్థం కాలేదు.

మద్రాసు నుంచి ఇంగ్లీషులో ఉన్న స్పానిష్ స్వబోధిని తెప్పించుకున్నాను. మొదటి సాయంత్రమే విషయసూచిక ముందు పెట్టుకుని పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. అంకెలు, కొలతలు, లోహాలు, పనిముట్లు, వాహనాలు కావాలి. పలకరింపులు, బంధువులు, ఇంటి విషయాలు, వైద్యుడితో సంభాషణ అక్కర్లేదు. బెజవాడలో నన్ను స్పానిష్‌లో పలకరించేదెవరు? ఆ పాఠాల మీద అడ్డగీతలు కొట్టేశాను.

వన్‌టౌన్‌లో బట్టల గోదాము పైన మా వాటా. మాటలు తెలుగు అక్షరాలలో రాసి గోడకు అంటించి, స్నానానికి ముందు పైకి చదివేవాణ్ణి. రువేద అంటే చక్రం, తోర్నియో అంటే మరమేకు, కల్దేర అంటే బాయిలరు.

"ఏంట్రా ఆ మంత్రాలు? నీకు గాలి సోకిందనుకుంటున్నారు పక్క వాటావాళ్ళు," అంది అమ్మ.

"భాషమ్మా, నేర్చుకుంటున్నాను."

"నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు, బాయిలరుతోనా?"

కింద బేళ్ళు దించే మనుషులు ఇదంతా విన్నట్టున్నారు. నేను మెట్లు దిగుతుంటే "కల్దేరగారు వస్తున్నారు, దారివ్వండెహే" అనేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాదు. బొమ్మల కింది మాటలు ఒక్కొక్కటే విడుతున్నాయి, ఆ సంతోషం అలాంటిది.

ఒక ఆదివారం కన్యాస్త్రీల ఆస్పత్రి నుంచి ఒక సిస్టర్ మా ఇంటికి వచ్చారు. తెనాలి వైపు అమ్మాయి, నా ఈడే ఉంటుంది.

"స్పానిష్ చదువుతున్నది మీరేనాండీ? కంటి మందుకొచ్చినప్పుడు మీ అమ్మగారు చెప్పారు."

అవునన్నాను.

"మా పెద్ద సిస్టర్‌కి పక్షవాతం వచ్చిందండీ. తెలుగూ పోయింది, ఇంగ్లీషూ పోయింది. ఇప్పుడు స్పానిష్ ఒక్కటే మాట్లాడుతున్నారు. మాలో ఎవరికీ రాదు."

పెద్ద సిస్టర్ అంటే ముసలి దొరసానమ్మ. మా చెల్లెలు పుట్టినప్పుడు అమ్మను రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే. కాలవ పక్క పేటల్లో ఆవిడను ఎరగని ఇల్లు లేదు. "ఏమ్మా, జొరం తగ్గిందా?" అని అచ్చం మనలాగే అడిగేది. ఆవిడది స్పెయిన్ అని నాకు ఆ క్షణం దాకా తెలియదు. తెల్లగా ఉంటే దొరలు, దొరలైతే ఇంగ్లీషువాళ్ళు. మాలో ఎవరూ ఆవిడను ఏ దేశం అని అడగలేదు. నేను గోడకు చెప్పుకున్న పాఠాలన్నీ మైలు దూరంలో ఉన్న ఆవిడ దగ్గరే కూర్చుని చెప్పుకోగలిగేవాణ్ణి.

దారిలో సిస్టర్ విషయం చెప్పింది. మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఇంకో ఏడాదైనా బతుకుతుందని డాక్టరు అంటున్నారు. ఆవిడతో పాటు స్పెయిన్ నుంచి వచ్చిన ఇంకో సిస్టర్‌ను ఇక్కడే ఆస్పత్రి వెనక సమాధుల దొడ్డిలో పూడ్చారు. తనను ఆ పక్కనే పెట్టమని ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అంటూ ఉండేది.

"ఇప్పుడేమంటారో తెలియాలి కదండీ. ఉంటానంటే పంపనంటున్నారు మా మఠం పెద్ద మదర్‌గారు. పెద్ద సిస్టరేమో ఏది అడిగినా తలూపుతున్నారు. వెళ్తారా అంటే ఊ, ఉంటారా అన్నా ఊ."

ఆవిడ మంచం కిటికీ పక్కన ఉంది. మదర్‌గారు తల వైపు నిలబడ్డారు. నాకు బాగా వచ్చిన మాటతో మొదలుపెట్టాను. "అగ్వా?" అన్నాను. నీళ్ళు అని, బాయిలరు బొమ్మ కింద ఉన్న మాట. ఆవిడ చటుక్కున నా వైపు తిరిగింది. సిస్టర్ నీళ్ళు పట్టింది, రెండు గుక్కలు తాగింది. గదిలో అందరి ముఖాలూ వికసించాయి. నా ముఖం కూడా.

తరువాత ఆవిడ బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టింది. ఆపకుండా, మెల్లగా, కొడుకుతో చెప్పినట్టు చెప్పింది. ఒక్క చక్రం లేదు, ఒక్క మరమేకు లేదు ఆ మాటల్లో. నేను వాహనాల పాఠంలోని రైలు మాట పట్టుకుని "త్రెన్, మద్రాస్" అన్నాను. ఇంకా మాట్లాడింది. నో అన్నది రెండు మూడు సార్లు వినిపించింది. దేనికి నో? రైలుకా, ఇక్కడ ఉండడానికా, నేను అడిగిన తీరుకా? "వెళ్తారా, ఉంటారా" అని అడగడం నాకు రాదు.

"ఏమంటున్నారు?" అన్నారు మదర్‌గారు.

"సరిగా తెలియకుండా చెప్పలేనండీ," అన్నాను.

స్కూల్లో మాకు నేర్పింది అదే. కొలత తెలియకపోతే అంకె వేయకూడదు. మదర్‌గారు నా నిజాయితీని మెచ్చుకున్నారు. ముసలావిడ నా చెయ్యి వదలలేదు. సిస్టరే వేళ్ళు విడదీసింది. సందేహం ఉన్నప్పుడు డాక్టరు మాటే పైమాట అనుకుని ఆవిడను బుధవారం మెయిలు రైల్లో మద్రాసు పంపించారు.

గురువారం నేను బల్ల దగ్గర ఒక గేరు బొమ్మ గీస్తున్నాను. స్కేలు ఆనించి గీత లాగుతుండగా చెయ్యి ఆగిపోయింది. నేను బతికేదే బొమ్మలు గీసి. ఒక కాగితం మీద ఒక పక్క రైలు, ఇంకో పక్క ఆస్పత్రి గేటు, దాని వెనక సిలువలు గీసి చూపిస్తే ఆవిడ తనకు కావలసినదాని మీద వేలు పెట్టి ఉండేది. ఆ పూట నా జేబులో పెన్సిలుంది. భాష వచ్చినవాడినని పిలిచారు కాబట్టి భాష కోసమే తడుముకున్నాను.

ఆ బొమ్మ గీశాను. ఎందుకో నాకే తెలియదు, సాయంత్రం ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. సిస్టర్ వరండాలో దుప్పట్లు మడతపెడుతోంది. కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"ఆదివారం గీసుంటే బాగుండేదండీ."

"తోచలేదు."

"మాకు మాత్రం తోచిందేంటి?" అంది. వేలు గేటు మీద పెట్టింది, తరువాత తీసేసింది. "ఇక్కడే పెట్టేవారనిపిస్తుందండీ. కానీ మద్రాసులో బతకాలని కూడా ఉండొచ్చు. ఎవరికి తెలుసు?"

వానలు మొదలయ్యేసరికి మద్రాసు నుంచి కబురు వచ్చింది. అక్కడే సమాధి చేశారట. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుని, "నీ చెయ్యి పట్టుకుని అంతసేపు మాట్లాడిందన్నావు కదరా. ఒక్క ముక్కయినా అర్థం కాలేదా?" అంది.

"నీళ్ళు అడిగింది," అన్నాను. అదీ ఆవిడ అడగలేదు, కావాలా అని నేనే అడిగాను.