స్లాబులో టోపీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పాత ఇంటిని అపార్ట్‌మెంటు కోసం పడగొడుతున్నారు. సిమెంటు దుమ్ము ముక్కుకు తగలగానే నా చూపు ముందుగది తూర్పుమూల పైకప్పు మీదికి పోయింది.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ ఇల్లు కట్టుకుంటున్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మేస్త్రీ ఖాదర్ పనిలో తలకు తువ్వాలు చుట్టుకునేవాడు. నమాజుకని తెల్లటి అల్లిక టోపీని సెంట్రింగ్ కర్రకు తగిలించి ఉంచేవాడు. స్లాబు పోసే రోజున నేను పైకెక్కి, దాన్ని నెత్తిన పెట్టుకుని ఆ తూర్పుమూల ఇనుప చువ్వల్లోకి వంగి చూశాను. టోపీ జారి చువ్వల మధ్య పడింది. నోరు తెరిచేలోపే దాని మీద తట్టెడు కాంక్రీటు పడింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. టోపీ లేకపోతే ఆయన నమాజు చేయలేడనీ, దేవుడి కోపానికి స్లాబు కూలిపోతుందనీ నా నమ్మకం.

మధ్యాహ్నం ఖాదర్ కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. ఖాళీ కర్రను చూశాడు. వెతకనైనా లేదు. జేబురుమాలు తలకు కట్టుకుని, సిమెంటు సంచి పరుచుకుని నమాజు చేశాడు. ఇంతేనా! నేను నోరెళ్లబెట్టాను.

లేచి నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "బేటీ, ఈసారి టోపీ కావాల్నంటే నన్నడుగు. ఇస్త."

చూశాడన్నమాట!

"ఏంటే, మేస్త్రీగారిని విసిగిస్తున్నావా?" అమ్మ కింద నుంచి కేకేసింది.

"ఏం లేదమ్మా, ఎండల నిలబడ్డదని నీడకు పొమ్మంటున్న," అన్నాడు ఖాదర్.

తర్వాత ప్రతి వానకూ బిక్కుబిక్కుమంటూ ఆ మూలనే చూసేదాన్ని. ఇన్నేళ్లలో ఇల్లు ఎక్కడెక్కడో కారింది గానీ అక్కడ ఒక్క చుక్క రాలలేదు.

ఇవాళ కూలీ ఆ మూలకు సుత్తి ఎత్తాడు.

"జర మెల్లగ, బాబూ," అన్నాను.